మున్నేరు పొంగిన ఏడే కాలువ ఎండింది

2023 జూలై చివరి వారంలో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిని ముంచెత్తింది. రాకపోకలు నిలిచిపోయాయి. ఆ వరద తీసిందో లేదో ఆగస్టు వచ్చింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటికీ అంత పొడి ఆగస్టు మరొకటి లేదని వాతావరణ శాఖ తేల్చింది. ఎగువన వానల్లేక నాగార్జునసాగర్ నిండలేదు. ఎడమ కాలువ చిట్టచివర ఉన్న జగ్గయ్యపేట, నందిగామ పొలాలు నీటి మీద ఆశ వదులుకున్నాయి. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటిదాకా ఎలాగో నిలబెట్టుకొచ్చిన పైరు చేతికొచ్చే వేళకు కృష్ణా జిల్లాల మీద ముసురు పట్టింది. ఆ తర్వాత ఎండాకాలం. అది గడిచాక 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఎన్టీఆర్ జిల్లాలో చాలా మండలాల్లో ఒక్క రోజులోనే 20 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. మళ్లీ అదే ఐతవరం దగ్గర అదే రోడ్డు మునిగింది. పద్నాలుగు నెలల్లో ఒకే నేల మీద జరిగినవి ఇవన్నీ. వరద నష్టం రెవెన్యూ వారి లెక్కలోకి వెళ్లింది. కాలువ సంగతి జలవనరుల శాఖకు, పురుగు సంగతి వ్యవసాయ శాఖకు, వడదెబ్బ సంగతి వైద్యశాఖకు పోయాయి. రైతు ఇంట్లో మాత్రం అన్నీ కలిసి ఒకే అప్పు పద్దు కింద చేరాయి. వాతావరణ మార్పు మీద జరగాల్సిన పరిశోధన ఆ అప్పు పద్దు దగ్గర మొదలవ్వాలన్నది నా వాదన. వాన శాస్త్రం, నేల శాస్త్రం, వైద్యం, ఆర్థికం వేటికవి విడిగా తేల్చిన సంగతులు ఈ మెట్టకు అరకొరగానే పనికొస్తాయి. అవన్నీ ఒకే చోట, ఒకే ప్రశ్న మీద కూర్చోవాలి.

ఒకే ఏడు వరద, కరువు రెండూ ఎలా వచ్చాయో చూస్తే ఈ ప్రాంతం ఇరకాటం అర్థమవుతుంది. జగ్గయ్యపేట, నందిగామల నీళ్లు రెండు వేరువేరు వానల మీద ఆధారపడ్డాయి. సాగర్ కాలువలో పారే నీరు మహారాష్ట్ర, కర్ణాటకల్లోని పడమటి కనుమల్లో కురవాలి. మున్నేరు, పాలేరు, వైరా వాగుల్లో పారే నీరు వరంగల్, ఖమ్మం, నల్లగొండ వైపు కురవాలి. మొదటిది తప్పి రెండోది ఒక్కసారిగా విరుచుకుపడితే కాలువ ఎండి ఊరు మునుగుతుంది. ఈ మెట్ట చరిత్రలోనూ ఒక వెలితి ఉంది. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి డెల్టా పచ్చబడినా, నది ఒడ్డునే ఉన్న మెట్ట ఊళ్లకు ఆ నీరు ఎక్కలేదు. ఇప్పుడు నాగార్జునసాగర్ అంటున్న నందికొండ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి, 1952లో కేంద్రం వేసిన ఖోస్లా సంఘం ఆ చోటు చూసేలా పాటుపడింది జగ్గయ్యపేట పక్కనున్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. 1955 డిసెంబరు 10న సాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. అంతగా తపించిన ఆ రాజావారి సీమ చివరికి ఎడమ కాలువ కొసన మిగిలిందంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. కొస భూములకు నీరు ఆలస్యంగా వస్తుంది, ముందుగా ఆగిపోతుంది. పైనున్న ఏ షట్టరు దగ్గర ఏ తగాదా వచ్చినా దెబ్బ తగిలేది వీటికే.

కాలువ కథకు వెనక ఇంకో లెక్క ఉంది. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1894–95 నుంచి 1971–72 వరకు 78 ఏళ్ల ప్రవాహాలను వరసగా పేర్చి, నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక వచ్చే నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. మనం నికర జలాలంటున్నది దాన్నే. మూడు రాష్ట్రాల ప్రాజెక్టులు, ఆయకట్టులు, చివరికి గొడవలు కూడా ఆ అంకె మీదే నిలబడ్డాయి. గతం ఎలా నడిచిందో రాబోయే కాలమూ అలాగే నడుస్తుందన్న నమ్మకం ఆ అంకె అడుగున ఉంది. ఆ రోజుల్లో అది న్యాయమైన నమ్మకమే, అంతకంటే మెరుగైన ఆధారం ఎవరి దగ్గరా లేదు. ఆ తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ కొత్త ఏళ్లను తీసుకుని 47 ఏళ్ల వరసతో లెక్క మార్చింది. పునాది వరస మారితే పైనున్న వాటాలు మారతాయని దీన్నిబట్టే తెలుస్తోంది. ఇప్పుడు వాతావరణమే మారుతుంటే ఏ వరసను నమ్మాలి? నీటి ఇంజినీరు ఒక్కడే దీనికి జవాబు చెప్పలేడు. ఎగువన చెరకు ఎంత పెరిగింది, బోర్లు ఎన్ని పడ్డాయి, వాన ఏ నెలకు జరిగింది, ఈ మూడూ కలిపి చూస్తేనే సాగర్‌లోకి ఎంత నీరొస్తుందో తేలుతుంది.

వాన తీరు మారుతోందనడానికి ఆధారాలు గట్టివే. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951–2015 మధ్య నైరుతి వాన సుమారు 6 శాతం తగ్గింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్, ఆయన సహచరులు 2017లో చూపిన లెక్కలో, మధ్య భారతంలో 1950 నుంచి 2015 దాకా అతి భారీ వానల ఘటనలు మూడింతలయ్యాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు కనుక, మొత్తం వాన తగ్గుతూనే కురిసే రోజున కుండపోతగా కురవడంలో వింతేమీ లేదు. అయితే ఈ లెక్కలు దేశానికి, పెద్ద పెద్ద ప్రాంతాలకు చెప్పినవి. వత్సవాయి మండలంలో వచ్చే చిత్త కార్తెలో ఏమవుతుందో ఇవి చెప్పవు. ఒక్కొక్క వరదలో వేడెక్కిన గాలి వాటా ఎంతో తేల్చాలన్నా మళ్లీ ప్రత్యేకంగా లెక్కించాల్సిందే.

ఇక్కడే ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఈ సీమ ఎప్పుడూ ఎండల సీమే, కృష్ణకు ఎప్పుడూ వరదలే, కొత్తేముంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. 1832–33 కరువు కృష్ణ ఒడ్డున ఎంతమందిని పొట్టన పెట్టుకుందో గుంటూరు జిల్లా చరిత్ర చెబుతుంది. 2009 అక్టోబరులోనే ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి ఆ రికార్డును దాటింది. పాత కాలంలో ఆపదలు లేవని ఎవరూ అనడం లేదు. ఒక ఆపదకీ మరొక ఆపదకీ నడుమ దొరికే విడుపు తగ్గుతోందన్నదే భయం. వరదలో పోయిన పెట్టుబడిని రెండు మంచి పంటలతో పూడ్చుకునే వీలు వెనకటి రైతుకు ఉండేది. 2023–24లో ఆ వీలు దొరకలేదు. ఆ విడుపు నిజంగానే తగ్గుతోందా, ఎంత తగ్గుతోంది అన్నది కొలవాల్సిన విషయం. వాన లెక్క పక్కన అప్పు లెక్క పెడితేనే అది కొలతకు అందుతుంది.

మున్నేరునే తీసుకుందాం. అది తెలంగాణలో పుట్టి, ఖమ్మం పక్క నుంచి వచ్చి, పోలంపల్లి ఆనకట్ట, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి, కీసర వంతెన దాటి ఏటూరు దగ్గర కృష్ణలో కలుస్తుంది. కీసర దగ్గర కేంద్ర జల సంఘానికి ప్రవాహం కొలిచే కేంద్రం ఉంది, పాలేరు మీద పాలేరు వంతెన దగ్గర మరొకటి ఉంది. నందిగామలో వాతావరణ విభాగం కేంద్రం ఉంది. గరికపాడులో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కొలిచేవాళ్లకు కొదవ లేదు. ఖమ్మంలో నీటిమట్టం ఇంతకు చేరితే ఎన్ని గంటల్లో ఐతవరం దగ్గర రోడ్డు మునుగుతుంది, ఆ సమయానికి కృష్ణ నిండుగా ఉంటే మున్నేరు నీరు ఎంత వెనక్కి తన్నుతుంది, పెనుగంచిప్రోలులో ఏ వీధి ముందు ఖాళీ చేయాలి, జాతీయ రహదారి గట్టు నీటి దారికి ఎంత అడ్డు పడుతోంది అన్నవి ఒకదానికొకటి ముడిపడిన ప్రశ్నలు. మొదటి రెండూ జలశాస్త్రానివి, మూడోది ఊరివాళ్లకు తెలిసినది, నాలుగోది రోడ్డు ఇంజినీర్లది. మున్నేరు రెండు రాష్ట్రాల నది కావడంతో ఈ నాలుగింటి కాగితాలూ రెండు రాజధానుల్లో విడివిడిగా ఉండిపోతాయి. 2023లో మునిగిన చోటే 2024లోనూ మునిగింది. మొదటిసారి ప్రకృతిదే భారమనుకుందాం. రెండోసారి మాత్రం మన లెక్కల మధ్య ఉన్న ఎడం కూడా అందులో భాగమే.

మిరప సంగతి మరీ చిక్కుగా ఉంటుంది. 2021–22లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. బయటి నుంచి వచ్చిన ఈ పురుగు పూలలో చేరి రసం పీలుస్తుంది. పూత రాలిపోయి కాపు పోతుంది. కీటక శాస్త్రవేత్తను అడిగితే పురుగు జీవితచక్రం చెబుతాడు, మందులు ఇష్టారాజ్యంగా కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు ముందు చస్తాయంటాడు. వాతావరణ శాస్త్రవేత్తను అడిగితే 2021 నవంబరు వానల గురించి చెబుతాడు. ఇద్దరూ నిజమే చెప్తారు. కానీ రైతు మందు మీద మందు ఎందుకు కొట్టాడు? మిరపకు ఎకరాకు లక్ష రూపాయలకు పైగా పెట్టుబడి. చాలాచోట్ల కౌలు ముందే చెల్లించాలి. మందు అరువిచ్చిన దుకాణదారే ఏ మందు కొట్టాలో కూడా చెబుతాడు. చేను కళ్లముందు ముడుచుకుపోతుంటే ఆగి చూడమనే సలహా పాటించే తాహతు కౌలుదారుకు ఉండదు. అంటే పురుగు విజృంభణలో కౌలు పద్ధతికీ అరువు పద్ధతికీ వాటా ఉంది. నష్టపరిహారం దగ్గరికొస్తే అదే కౌలుదారు మళ్లీ వెనకబడతాడు. 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు దొరకనివాడి పేరు ఏ జాబితాలోనూ కనపడదు. విపత్తుకు ఓర్చుకోవడం గురించిన పరిశోధనలో కౌలు కాగితం లేకపోతే ఆ పరిశోధన అసలు మనిషిని వదిలేసినట్టే.

రైతులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. తమకు తెలిసిన దారిలో సర్దుకున్నారు. నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు వైపు సుబాబుల్ తోటలు పరుచుకోవడం అందుకు పెద్ద ఉదాహరణ. ఆ చెట్టు వేళ్లు రేగడిలో లోతుకు దిగుతాయి, వాన వెనకపట్టు పట్టినా తట్టుకుంటుంది, నేలలో నత్రజని నింపుతుంది, మూడు నాలుగేళ్లకు కొట్టి భద్రాచలం, రాజమహేంద్రవరం కాగితం మిల్లులకు పంపొచ్చు. పంటల శాస్త్రం వైపు నుంచి చూస్తే, నీళ్లు నమ్మలేని మెట్టకు ఇంతకంటే తగిన ఎంపిక లేదనిపిస్తుంది. మరో వైపు నుంచి చూద్దాం. పత్తి చేనైతే విత్తనం పెట్టడం, కలుపు, మూడు నాలుగు తీతలు, అన్నీ ఊళ్లోని ఆడకూలీల పనిదినాలే. సుబాబుల్ వేశాక ఆ పొలంలో మూడేళ్లపాటు కూలి పని దాదాపుగా ఉండదు. పట్నంలో ఉండే యజమానికి అది హాయి. కూలికి వెళ్లే ఇంటికి అది వలస. కర్ర ధర మిల్లుల చేతిలో ఉంటుంది కనుక ధర పడినప్పుడు చిన్న రైతు బిగుసుకుపోతాడు. మొదళ్లు పెకలించి మళ్లీ పత్తి వేద్దామంటే అదొక కొత్త ఖర్చు. ఒకే చెట్టు ఒక లెక్కలో కరువును తట్టుకునే ఉపాయం, ఇంకో లెక్కలో కరువును భూమి లేనివాళ్ల మీదికి నెట్టే ఉపాయం. వాతావరణానికి సర్దుకోవడమనే మాట విన్నప్పుడల్లా ఎవరు సర్దుకుంటున్నారు, ఎవరి ఖర్చుతో అని అడగాలన్నది ఈ తోటల నుంచి నేను గ్రహించిన విషయం. పంటల శాస్త్రవేత్త పక్కన గ్రామీణ ఆర్థికవేత్త కూర్చోకపోతే ఈ ప్రశ్న అసలు పుట్టదు.

ఎండ సంగతికి వస్తే పోల్చి చూడటానికి ఒక మంచి నమూనా ఉంది. 2003 వడగాడ్పులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మందికి పైగా పోయారు. 2015లో విడిపోయిన ఆంధ్రలోనే వెయ్యి దాటారు. ఇవన్నీ అధికారులు వడదెబ్బ అని ధ్రువీకరించిన చావులు. గుండె ఆగి, మూత్రపిండాలు దెబ్బతిని పోయినవారు ఈ లెక్కలో చేరరు. అహ్మదాబాద్‌లో 2010 మేలో వచ్చిన వేడికి మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారని, ఆ నెల మొత్తం మరణాలను దాని ముందు, తర్వాతి ఏళ్లతో పోల్చి పరిశోధకులు తేల్చారు. ఆ వేడి దెబ్బ తర్వాత నగరపాలక సంస్థ, గాంధీనగర్ ప్రజారోగ్య సంస్థ, వాతావరణ నిపుణులు కలిసి 2013లో దక్షిణాసియాలోనే మొదటి ఎండ కార్యాచరణ ప్రణాళిక రాశారు. ఏ డిగ్రీ దాటితే ఏ శాఖ ఏం చేయాలో అందులో ముందే ఖాయం చేసుకున్నారు. ఆ ప్రణాళిక నగరానిది. నందిగామకు దాన్ని దింపాలంటే కొలవాల్సినవి వేరు. ఇక్కడ మిరప కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. కోతకు వంగినవాళ్లకు నేల నుంచి వచ్చే సెగ, ఘాటు, తాగునీటి బిందె ఎంత దూరంలో ఉంది, కూలి రోజుకా బస్తాకా అన్నవన్నీ ఒంటి మీద పడే ఎండను మారుస్తాయి. బస్తా లెక్కన కూలి ఇస్తే మనిషి నీడకు పోడు. ఇదే మెట్టలో తిరువూరు వైపున్న ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తినేస్తోంది. నీళ్లలోని ఖనిజాలా, నొప్పి మాత్రలా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా, అన్నీ కలిసా? ఇలాంటి జబ్బు కనిపించిన మధ్య అమెరికాలోనూ శ్రీలంకలోనూ ఇవే అనుమానాలు. నీటి రసాయనం తెలిసినవాడు, వైద్యుడు, కూలి పని తీరు తెలిసినవాడు కలిసి ఏళ్ల తరబడి ఒకే మనుషుల్ని గమనిస్తే తప్ప దీని ముడి వీడదు.

ఇన్ని శాస్త్రాలను కలపడం కాగితం మీద బాగుంటుంది, ఆచరణలో సాగదు అనేవాళ్లున్నారు. మన దగ్గరే సాగిన సందర్భం ఉంది. 2003–2009 మధ్య ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో, నెదర్లాండ్స్ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలిచే పథకం నడిచింది. జగ్గయ్యపేటకు పొరుగునున్న నల్లగొండ కూడా అందులో ఉంది. బడికి పెద్దగా వెళ్లని రైతులు, ఆడవాళ్లు వాన కొలిచారు, బావుల్లో మట్టం కొలిచి ఊరి గోడ మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఉన్న నీరెంత, అనుకున్న పంటలకు కావలసిందెంత అని బేరీజు వేశారు. వరి వేయొద్దని ఎవరినీ శాసించలేదు. లెక్క చూశాక చాలామంది ఆరుతడి పంటల వైపు మళ్లారు. ఆ ఊళ్లలో నీటి వాడకం తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2010 నివేదిక గుర్తించింది. నిధులు ఆగాక ఆ ఊపు చాలాచోట్ల తగ్గిందని ఆ తర్వాతి పరిశీలనలు చెప్పాయి. ఈ రెండో మాట కూడా మనం దాచుకోకూడదు. భూగర్భ శాస్త్రం, పంటల లెక్క, ఊరి సభ మూడూ కలిస్తే ఫలితం వస్తుందని మొదటి మాట చెబుతోంది. ఆ కలయికను ఆరేళ్ల ప్రాజెక్టుగా కాక పంచాయతీ పనిగా, ఏటా జీతం బత్తెం ఉన్న పనిగా చేయాలని రెండోది చెబుతోంది.

ముందు నీళ్లివ్వండి, పరిశోధన తర్వాత చూద్దాం అనే మాటలో న్యాయముంది. 2020 ఆగస్టులో శంకుస్థాపన చేసిన వేదాద్రి ఎత్తిపోతల లాంటివి ఈ మెట్ట హక్కు. డెల్టా స్థిరీకరణ కోసం కట్టిన 45.77 టీఎంసీల పులిచింతల పక్కనే ఉన్నా పొలాలు ఎండటం ఎవరికైనా బాధే. ఎత్తిపోతల నీటితో ఏ పంట వేస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, కృష్ణ పొంగినప్పుడు పంపులు ఎక్కడుండాలి అన్నది ముందే లెక్క వేసుకుంటే ఆ డబ్బు నిలుస్తుంది. పరిశోధన కట్టడాన్ని ఆపడానికి కాదు, కట్టాక అది పనిచేయడానికి.

మరో అభ్యంతరం ఇంకా బరువైనది. గాలిని పాడు చేసింది ధనిక దేశాలు, సర్దుకోవడం మన వంతా? సగటు భారతీయుడి వల్ల గాలిలో కలిసే కార్బన్ ప్రపంచ సగటులో సగం కూడా లేదు. కనుక ఆ దేశాలు తగ్గించాలి, సాయమూ చేయాలి. ఆ డిమాండ్ వదలాల్సిన పని లేదు. అయితే జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం సిమెంటుదే, అందులో సగానికి పైగా బొగ్గు వల్ల కాదు, రాయిని కాల్చినప్పుడు రాయిలోంచే వచ్చేది. ఆ కర్మాగారాల్లో పనిచేసేవాళ్లూ, వాటి చుట్టుపక్కల పత్తి వేసేవాళ్లూ ఒకే ఊళ్లవాళ్లు. ఉద్యోగం పోకుండా సిమెంటు తయారీని ఎలా మార్చాలన్నది ఇక్కడి ప్రశ్న కూడా.

అందుకే మొదలుపెట్టాల్సిన పని చిన్నదే అయినా కలివిడిగా జరగాలి. మున్నేరు పరీవాహకానికంతటికీ, ఖమ్మం నుంచి ఏటూరు దాకా, పక్షానికొక వరసతో ఒకే పట్టిక తయారుకావాలి. కీసరలో నీటిమట్టం, నందిగామలో పగటి, రాత్రి ఉష్ణోగ్రతలు, సాగర్ కాలువ కొసకు చేరిన నీరు, గరికపాడు నుంచి పురుగు సమాచారం, మార్కెట్లో మిరప, పత్తి ధరలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన వడదెబ్బ కేసులు, ఊళ్లలో దొరికిన కూలి రోజులు, కౌలుదారుల వివరం అందులో పక్కపక్కన చేరాలి. ఇందులో చాలా అంకెలు ఇప్పటికే ఏదో ఒక కార్యాలయంలో ఉన్నాయి. లేనివి రెండే, కూలి రోజులు, కౌలుదారుల వివరం. వాటిని ఊళ్లలో సేకరించే పని ఉపాధి హామీ సిబ్బందికీ స్వయం సహాయక సంఘాలకూ అప్పగించి, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఆ పట్టికను ఏటా మే నెలాఖరుకు, రోహిణి కార్తె దాటకముందే, ఊరి సభ ముందు పెట్టాలి. పత్తి గింజ కొనాలా, పెసర చల్లాలా, కౌలు ఎంతకు ఒప్పుకోవాలా అని మెట్ట రైతు తేల్చుకునేది ఆ పక్షంలోనే.